ఒకే గాటన కట్టిన సమానత్వం

తెలుగునాట చదువుల గురించి ఎక్కడ చర్చ జరిగినా అందరూ తలలూపే మాట ఒకటుంది. బడి గడప లోపల కులం, తెగ, మతం, యాస అన్నవి కనబడకూడదని, పిల్లలందరూ ఒక్కటే కాబట్టి పాఠమూ పరీక్షా ఒక్కటిగానే ఉండాలని, ఎవరి పుట్టుక ఏమిటో పట్టించుకోకుండా పాఠం చక్కగా చెప్పుకుపోయేవాడే మంచి ఉపాధ్యాయుడని ఆ మాట సారాంశం. ఇది దురుద్దేశంతో పుట్టిన అభిప్రాయమని ఎవరూ అనలేరు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతిని, బడిలో వెనక వరుసను చవిచూసిన తరాలకు "అందరూ ఒక్కటే" అనిపించుకోవడమే పెద్ద గెలుపు. చిన్ననాటి అంబేడ్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చొని చదువుకోవలసివచ్చిన దేశంలో పిల్లలంతా ఒకే బల్ల మీదికి చేరడాన్ని చిన్నచూపు చూడడానికి వీల్లేదు. అయితే బల్ల ఒక్కటైంది కదా, ఇక చదువు కూడా అందరికీ సమంగా అందినట్టేనని తీర్మానించడం, పంక్తిభేదం పోయింది కాబట్టి విస్తట్లో పడుతున్నది ఎవరింటి వంటో అడగవద్దనడం లాంటిది.

ఈ వాదంలో తరచూ వచ్చే మూడు మాటల అర్థం ముందుగా తేల్చుకోవాలి. అస్తిత్వం అన్న మాటను స్త్రీవాద, దళితవాద, ముస్లింవాద సాహిత్యాల ద్వారా తెలుగు పాఠకులు బాగా ఎరుగుదురు. విద్యారంగంలో దానికి అర్థం, ఒక పిల్లవాడు తాను ఎవరినని అనుకుంటున్నాడో, ఎదుటివారు అతణ్ణి ఎవరిగా లెక్కగడుతున్నారో, ఆ రెండింటి మధ్య కుదిరిన లేదా కుదరని పొత్తు. అణచివేత అంటే కొట్టడం, తిట్టడం, దూరం పెట్టడం ఒక్కటే కాదు. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనకపోయినా, ఒక వర్గం నుడికారం, తిండి, పని, జ్ఞానం మామూలు సంగతులుగానూ ఇంకొక వర్గానివి సరిదిద్దవలసిన లోపాలుగానూ కనబడేటట్లు నడిచే ఏర్పాటు కూడా అణచివేతే. ఇక సంస్కృతికి స్పందించే బోధన అనేది, అమెరికాలో నల్లజాతి పిల్లలకు చదువు బాగా వచ్చేలా చెప్పిన ఉపాధ్యాయులను దగ్గరగా పరిశీలించిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో సిద్ధాంతంగా రూపుకట్టి, జెనీవా గే 2000లో వెలువరించిన పుస్తకంతో మరింత విస్తరించిన పద్ధతికి తెలుగులో పెట్టుకోదగ్గ పేరు. లాడ్సన్-బిల్లింగ్స్ దీనికి మూడు షరతులు పెట్టారు: పిల్లలకు చదువు నిజంగా రావాలి, తమ సంస్కృతిలో కాలూని ఉంటూనే ఇతరుల మధ్య మెలగగలగాలి, సమాజంలోని అన్యాయాన్ని గుర్తుపట్టి ప్రశ్నించగలగాలి. చదువు రావడమే మొదటి షరతు అన్న సంగతిని విమర్శకులే కాక అభిమానులు కూడా తరచూ మరిచిపోతారు.

అసలు ఏ సంస్కృతికీ చెందని బడి అనేది ఉంటుందా? కులం, మతం లాంటి వేడి పుట్టించే విషయాలను కాసేపు పక్కనబెట్టి, అందరూ నిష్పక్షపాతమైనదని ఒప్పుకునే లెక్కల పాఠంలోనే దీనికి జవాబు వెతకవచ్చు. తెలుగు ఇంటి పిల్లవాడు పదమూడు అన్నప్పుడు ఆ మాటలోనే పదీ మూడూ వినబడతాయి. ఇరవై మూడులో ఇరవై, మూడు విడివిడిగా నిలబడి ఉంటాయి. పది పుల్లలను రబ్బరుబ్యాండుతో కట్ట కట్టి, కట్టలు పదుల స్థానంలోనూ విడిపుల్లలు ఒకట్ల స్థానంలోనూ పెట్టమని ఉపాధ్యాయుడు చెప్పేసరికి, ఆ పాఠంలో సగం ఆ పిల్లవాడి నోట్లో అప్పటికే ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లోని సవరల సంప్రదాయ లెక్క అలా సాగదు. అందులో గుత్తి నిండేది పది దగ్గర కాదు, పన్నెండు దగ్గర. పదమూడు అంటే పన్నెండు-ఒకటి, పందొమ్మిది అంటే పన్నెండు-ఏడు, ఆపైన ఇరవై మరో పెద్ద గుత్తి. ముప్ఫై మూడు అంటే ఇరవై-పన్నెండు-ఒకటి, తొంభై మూడు అంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. సంతకు దిగే ఊళ్ళలో తెలుగు అంకెలు కలిసిపోయి ఉండవచ్చు గానీ, ఇంట్లో ఈ లెక్క వింటూ పెరిగిన పిల్లను "పదమూడులో పదులెన్ని?" అని అడిగితే, తెలుగు పిల్లకు ఆ జవాబు ప్రశ్నలోనే దొరుకుతుంది, సవర పిల్ల మాత్రం ముందు తన మనసులోని గుత్తి విప్పి, మరో కొలతతో మళ్ళీ కట్టుకోవాలి. ఆ పిల్ల జవాబుకు తడుముకుంటుంది. రిజిస్టరులో "వెనకబడింది" అని పడుతుంది. తరగతిలో ఎవరూ ఆమెను అవమానించలేదు, ఇద్దరికీ ఒకే ప్రశ్న వేశారు, ఒకే సమయం ఇచ్చారు, కాకపోతే ఒక పిల్లకు ఒక మెట్టు, రెండో పిల్లకు మూడు మెట్లు. ఇదే సంగతి తెలిసిన ఉపాధ్యాయుడికి ఆ తడబాటులోనే ఒక మంచి గణిత పాఠం దొరుకుతుంది. గుత్తి కట్టడానికి పదే ఉండనక్కరలేదని, అరటిపండ్ల డజనూ గడియారంలో గంటలూ పన్నెండు దగ్గరే నిండుతాయని, ఏ గుత్తితోనైనా ఏ సంఖ్యనైనా చెప్పవచ్చని ఆ తరగతిలో సవర పిల్ల సాయంతో తెలుగు పిల్లలు నేర్చుకోవచ్చు. పై తరగతుల్లో కంప్యూటరు కోసం రెండు ఆధారంగా లెక్కించడం నేర్పినప్పుడు పిల్లలు బెదిరిపోయేది సరిగ్గా ఈ ఊహ అలవాటు లేకనే.

కాబట్టి ఇప్పుడున్న బడి సంస్కృతికి స్పందించని బడి అనడం తప్పు. అది నిత్యం స్పందిస్తూనే ఉంది, ఒక్క సంస్కృతికి మాత్రమే. తన ఇల్లు పుస్తకంలోని ఇంటిలాగే ఉన్న పిల్లవాడికి ఆ స్పందన గాలిలాగా కంటికి కనబడదు. కనబడనిదాన్ని తటస్థత అని పిలవడం మాత్రం, అది ఎవరికి అనుకూలమో వారి సౌకర్యం.

ఈ పద్ధతి అమెరికా నుంచి దిగుమతి అయిన సరుకని, అక్కడి నల్ల-తెల్ల తగువును ఇక్కడికి తెచ్చిపెడుతున్నారని ఒక ఆక్షేపణ బలంగా వినబడుతుంది. పేరు అక్కడిదే కావచ్చు, పని మాత్రం ఇక్కడ అంతకంటే పాతది. 1882లో హంటర్ కమిషన్‌కు సమర్పించిన నివేదనలో జోతిరావు ఫూలే, పల్లె బడులకు సేద్యం చేసే కులాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులు కావాలని, వారైతేనే జనంతో కలిసిపోయి వారి అవసరాలు గ్రహించగలరని, పాఠాల్లో వ్యవసాయం, ఆరోగ్యం ఉండాలని వాదించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి, సవర పిల్లలకు తెలియని భాషలో చదువు చెప్పి ప్రయోజనం లేదని గ్రహించి, ఆ భాష నేర్చుకొని, వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపించి, 1931 నాటికి సవర వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రచురణ దాకా తెచ్చారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొనే సభల్లో వ్యావహారిక తెలుగు కోసం చేసిన పోరాటమే మారుమోగుతుంది. సవర బడుల ప్రస్తావన వస్తే అది ఒక దయగల పెద్దమనిషి దానగుణంగా చెప్పి ముగిస్తారు. నిజానికి ఆ రెండు పనులూ ఒకే సూత్రం నుంచి పుట్టాయి: బిడ్డ నోటిలో ఉన్న భాషను బడి గౌరవించాలి. తెలుగు పిల్లలకు వర్తించినప్పుడు ఉద్యమంగా, సవర పిల్లలకు వర్తించినప్పుడు దానంగా ఆ సూత్రం రూపు మార్చుకోవడంలోనే ఈ వ్యాసం ఖండిస్తున్న దృష్టి అంతా ఉంది.

అదిలాబాదు అడవుల్లోనూ ఇలాంటి చరిత్రే ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీమ్‌ను నిజాం బలగాలు చంపిన తరువాత, ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవడానికి ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభింపజేశారు; గోండీలో వాచకాలు అచ్చయ్యాయి, గోండులే గోండు పిల్లలకు పంతుళ్ళయ్యారు. అడవిని, పోడును, భూమిని పోగొట్టుకొని తిరగబడిన జనానికి బడి రూపంలో ఇచ్చిన ఆ ఊరటలో పాలకుల స్వార్థం ఉందని ఎవరైనా అనవచ్చు, అనాలి కూడా. అయినా, బయటి ప్రభుత్వం కొలువులో ఉన్న ఒక బయటి మనిషికి మూడేళ్ళలో అర్థమైన విషయం స్వతంత్ర దేశపు విద్యాశాఖలకు దశాబ్దాలపాటు ఎందుకు అర్థం కాలేదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

సంస్కృతి అంటే భాష ఒక్కటే అనుకుంటే మరో పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే భాష ఒకటైనా ప్రశ్న అడిగే తీరు వేరు కావచ్చు. అమెరికాలోని కరోలినా ప్రాంతపు మిల్లు ఊళ్ళలో ఏళ్ళ తరబడి గడిపిన షిర్లీ బ్రైస్ హీత్ 1983లో వెలువరించిన గ్రంథంలో ఈ సంగతి వివరంగా ఉంది. ట్రాక్టన్ అని ఆమె పేరు పెట్టిన నల్లజాతి వాడలో పెద్దలు పిల్లలను తమకు జవాబు తెలిసిన ప్రశ్నలు అడగరు; ఒక వస్తువును చూపి "ఇది ఏ రంగు?" అనరు, "ఇది దేనిలా ఉంది?" అని పోలిక అడుగుతారు. బడిలో ఉపాధ్యాయురాలు ఎర్ర బంతి చూపి దాని రంగేమిటని అడిగినప్పుడు, కళ్ళున్న మనిషి కళ్ళెదుటి వస్తువు గురించి ఎందుకు అడుగుతోందో అర్థంకాక ఆ పిల్లలు మిన్నకుండిపోయారు. వారికి రంగులు తెలియవని బడి అనుకుంది. తెలుగు పల్లెల్లోనూ పెద్దవాళ్ళు ఎదుట ఉన్నప్పుడు నోరు మెదపకపోవడమే మర్యాదగా నేర్పే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్ల తరగతిలో చెయ్యెత్తకపోతే ఆ మౌనానికి బడి పెట్టే పేరు మందమతి. విమర్శకులు కోరే ఒకే రకపు బోధనలో ఈ మౌనాన్ని చదివే ఉపాయం లేదు, చదవాలన్న అవసరమే దానికి తోచదు.

ఈ వాదానికి ఎదురుగా నిలిచే సాక్ష్యాల్లో అన్నిటికంటే బరువైనదాన్ని దాటవేయడం న్యాయం కాదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల బాలురతో చిక్కుదారుల పజిళ్ళు చేయించి, పూర్తిచేసిన పజిలుకు ఇంత అని డబ్బు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు అగ్రకులాల బాలురకూ దళిత బాలురకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి బాలుడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి వినిపించినప్పుడు దళిత బాలురు పూర్తిచేసిన పజిళ్ళ సంఖ్య గణనీయంగా పడిపోయింది. కులం ఎత్తితేనే పిల్లవాడు కుంగిపోయాడు కదా, అలాంటప్పుడు తరగతిలో దాన్ని ఎత్తమంటారేమని విమర్శకులు అడుగుతారు. ఈ ప్రశ్న పదునైనదే గాని, ప్రయోగంలోని మిగతా భాగాన్ని వదిలేసి అడిగినది. డబ్బు ఎవరికి దక్కాలన్నది లాటరీ తీసి నిర్ణయిస్తామని చెప్పినప్పుడు, కులం చదివి వినిపించినా ఆ తేడా మాయమైంది. అంటే ఆ బాలుణ్ణి కుంగదీసింది తన కులం తనకు గుర్తుకు రావడం కాదు, తన కులం తెలిసిన మనిషి తనకు న్యాయంగా తీర్పు చెప్పడన్న అనుభవం. లాటరీని నమ్మాడు, మనిషిని నమ్మలేకపోయాడు. పైగా కులాన్ని ఆ విధంగా, పేరు వెంట తగిలించి, ఏ అర్థమూ ఏ గౌరవమూ లేకుండా నలుగురిలో చదివి వినిపించడం మన బడులకు కొత్త కాదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులప్పుడు, హాస్టలు జాబితాలప్పుడు అదే పని ఏటా జరుగుతుంది. కులం లేదని చెప్పుకునే బడి కులాన్ని గుమాస్తా గొంతుతో మాత్రమే పలుకుతుంది. ఉపాధ్యాయుడి గొంతుతో, చరిత్రగా, ప్రశ్నగా, పోరాటంగా పలకడానికి వెనకాడుతుంది. పిల్లవాడి నమ్మకాన్ని తిరిగి తెచ్చే పని మొదటి గొంతు వల్ల ఎన్నటికీ కాదు.

ఒక్క చోట మాత్రం కళ్ళు మూసుకొమ్మనే వాదానికి పూర్తి గెలుపు ఇవ్వక తప్పదు. రెమా హన్నా, లీ లిండెన్ చేసిన మరో ప్రయోగంలో జవాబుపత్రాల మీద యాదృచ్ఛికంగా కులం రాసి దిద్దించినప్పుడు, కింది కులం రాసిన పత్రాలకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. విశేషమేమిటంటే ఆ తగ్గింపు ఎక్కువగా కింది కులాలకు చెందిన దిద్దేవారి చేతుల మీదుగానే జరిగింది. దిద్దేటప్పుడు పేరుకు బదులు నంబరు ఉండడమే సరైన పద్ధతి. అయితే దిద్దడం వేరు, బోధించడం వేరు. న్యాయదేవత కళ్ళకు గంతలు కట్టినట్టు వైద్యుడి కళ్ళకు కట్టరు కదా! కింది కులాల దిద్దేవారే మార్కులు కోశారన్న ఫలితం మరో సంగతి కూడా చెబుతుంది: ఉపాధ్యాయుడి పుట్టుక ఒక్కటే పిల్లవాడికి రక్ష కాదు. దీని అవసరం చివర్లో మళ్ళీ పడుతుంది.

బహుళ సంస్కృతుల విద్య పేరుతో చలామణీ అయ్యే ఉత్సవ పద్ధతిని సమర్థించనక్కరలేదు. ఏడాదికొకసారి పిల్లలకు రకరకాల వేషాలు కట్టించి, థింసా ఆడించి, బతుకమ్మ పేర్చి, బిర్యానీ తిని, మరునాడు పాత పాఠంలోకి వెళ్ళిపోయే బడి నిజానికి విమర్శకుల బడే, కాకపోతే ముఖానికి రంగు పూసుకుంది. తంగేడు పువ్వు సంగతే చూడండి. తెలంగాణకు అది రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో దానికి పెద్ద చోటు, కాబట్టి బడిలో ఆ పువ్వు గురించి వ్యాసాలు రాయిస్తారు, బొమ్మలు గీయిస్తారు. అదే తంగేడు చెక్క మాదిగ వాడలోని లందలో చేసిన పని గురించి మాత్రం ఏ తరగతిలోనూ వినబడదు. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి. కత్తితో గీకి, కడిగి, సున్నం వదిలించి, దంచిన తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీటిలో రోజుల తరబడి ఉంచితే, చెక్కలోని వగరు పదార్థాలైన టానిన్లు తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను పట్టి బిగిస్తాయి, కుళ్ళిపోవలసిన చర్మం ఏళ్ళ తరబడి నిలిచే తోలవుతుంది. క్షారం, మాంసకృత్తు, సూక్ష్మజీవులు, కుళ్ళు, నిల్వ అని విజ్ఞాన పాఠ్యపుస్తకం విడివిడి అధ్యాయాల్లో చెప్పే విషయాలన్నీ ఒక్క గుంతలో ఉన్నాయి. ఆరె, రంపె పట్టిన చేతులు ఎద్దుకు తాళ్ళు, మోటకు తొండం, కాలికి చెప్పు, ఊరికి డప్పు ఇచ్చి, సేద్యాన్నే నిలబెట్టాయి. పువ్వును నెత్తిన పెట్టుకొని చెక్కను మరుగుపరచిన బడి సంస్కృతిని గౌరవించినట్టా, ఏరుకున్నట్టా?

ఇక్కడే విమర్శకులు తమ చివరి అస్త్రాలలో ఒకదాన్ని తీస్తారు. ఇది మళ్ళీ కులవృత్తుల చదువేనని, 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి తెచ్చిన పథకానికి కొత్త రూపమని అంటారు. ఆ జ్ఞాపకం రావడం మంచిదే, ఎందుకంటే రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తేటతెల్లమవుతుంది. ఆ పథకం గ్రామీణ ప్రాథమిక బడుల వేళలను కుదించి, మిగిలిన పూట పిల్లలను తండ్రుల పని నేర్చుకొమ్మని ఇంటికి పంపింది. ప్రజలు దానికి కులకల్వి అని పేరు పెట్టి తిరగబడ్డారు, కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక 1954లో అది రద్దయింది. అది చాకలి పిల్లవాణ్ణి రేవుకూ కుమ్మరి పిల్లవాణ్ణి సారెకూ పంపి, కరణం కొడుకును మాత్రం పుస్తకం దగ్గరే కూర్చోబెట్టింది. తంగేడు పాఠం చెప్పే తరగతిలో ఎవరినీ ఎక్కడికీ పంపరు; లంద రసాయనశాస్త్రం మాదిగ పిల్లతోపాటు రెడ్డి, కమ్మ, బ్రాహ్మణ పిల్లలు కూడా నేర్చుకొని పరీక్ష రాస్తారు. ఆ పాఠం అవసరం నిజానికి రెండో వరసవారికే ఎక్కువ. తాము అసహ్యించుకోవడం నేర్చుకున్న పనిలో తమకు తెలియని శాస్త్రం ఉందని తెలుసుకునే హక్కు ఆ పిల్లలకూ ఉంది. ఈ పాఠం చెప్పేటప్పుడు మాదిగ పిల్ల వైపు తలలు తిరగకుండా చూసుకోవడం, "మీ ఇంట్లో ఇలాగే చేస్తారా?" అని ఆమెను నలుగురిలో నిలబెట్టి అడగకపోవడం ఉపాధ్యాయుడి నేర్పు, శిక్షణ అవసరమైనది అక్కడే.

ఇంతకంటే గౌరవించదగ్గ ఆక్షేపణ అణగారిన వర్గాల నుంచే వస్తుంది. మాకు మా యాస, మా పాటలు కాదు, మీ పిల్లలను అమెరికా పంపిన ఇంగ్లీషు కావాలని దళిత బహుజన మేధావులు, ముఖ్యంగా కంచ ఐలయ్య, దశాబ్దాలుగా అంటున్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నిటా ఇంగ్లీషు మాధ్యమం పెడతామన్నప్పుడు మాతృభాష గురించి గొంతు చించుకున్నవారిలో ఎందరి పిల్లలు తెలుగు మాధ్యమంలో చదువుతున్నారన్న ఎదురుప్రశ్నకు ఈనాటికీ నిజాయితీగల జవాబు లేదు. ఈ కోపాన్ని అమెరికాలో లీసా డెల్పిట్ 1988లోనే చక్కగా సూత్రీకరించారు: అధికారంలో ఉన్నవారి భాషకూ మర్యాదకూ కొన్ని నియమాలుంటాయి, వాటిని పేద నల్లజాతి పిల్లలకు విడమరిచి నేర్పకుండా, సొంత గొంతుతో రాసుకొమ్మని వదిలేసే ఉదారవాద ఉపాధ్యాయుడు తెలియకుండానే వారిని గడప బయట నిలబెడుతున్నాడు. అయితే డెల్పిట్ వాదం పిల్లల ఇంటి భాషను తుడిచివేయమనలేదు. ఇంగ్లీషు నేర్పాలన్నదాన్ని బట్టి, మొదటి రోజు నుంచే పిల్లకు తెలియని భాషలోనే అన్నీ చెప్పాలన్నది తేలదు. అర్థంకాని భాషలో చెప్పిన పాఠం వల్ల ఆ పాఠమూ రాదు, ఆ భాషా రాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ సూత్రం మీదే నిలబడింది: గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారు చేసి, చిన్న తరగతుల్లో ఇంటి భాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి, ఇంగ్లీషులోకి నడిపించాలన్నది ఆలోచన. పుస్తకాలు రాయడం సులువైన భాగం. వాటిని చదివి చెప్పగల పంతుళ్ళు ఆయా ఊళ్ళలో నిలకడగా ఉండడమే కష్టమైన భాగం.

తరగతిలో అస్తిత్వాల మాట ఎత్తితే పిల్లల మధ్య చీలిక వస్తుందన్న భయానికి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం మంచి గుణపాఠం. టూసాన్ నగర బడుల్లో మెక్సికన్ మూలాల చరిత్ర, సాహిత్యం చెప్పే కార్యక్రమాన్ని మాన్పించడానికి 2010లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. విద్యార్థులను వ్యక్తులుగా చూడకుండా జాతి సంఘీభావాన్ని ప్రోత్సహించే పాఠాలు ఉండకూడదన్నది అందులో ఒక నిబంధన. వినడానికి ఎంత సమంజసంగా ఉంది! 2012 జనవరిలో కార్యక్రమం ఆగిపోయింది, పావ్లో ఫ్రేరీ రాసిన అణగారినవారి బోధనాశాస్త్ర గ్రంథంతో సహా కొన్ని పుస్తకాలను తరగతి గదుల్లోంచి తీసి పెట్టెలకెత్తారు. 2017లో ఫెడరల్ న్యాయమూర్తి తాషిమా, ఆ చట్టం చేయడంలోనూ అమలు చేయడంలోనూ జాతివిద్వేషం ఉందని తీర్పు చెప్పారు. ఆ పాఠాలు చదివిన పిల్లలు రాష్ట్ర పరీక్షల్లో నెగ్గి చదువు పూర్తిచేసే అవకాశం ఎక్కువని 2014లో వెలువడిన పరిశోధన చూపింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో తొమ్మిదో తరగతిలో వివిధ జాతుల అధ్యయనం చదివిన, అప్పటికే మార్కుల్లో వెనకబడిన పిల్లల హాజరు 21 శాతం పాయింట్లు పెరిగిందని డీ, పెన్నర్ 2017లో ప్రకటించారు. కొద్ది బడులకు పరిమితమైన అధ్యయనం కనుక దాన్ని ప్రతిచోటుకీ సాగదీయకూడదు గానీ, ఇలాంటి పాఠాలు పిల్లలను చదువుకు దూరం చేస్తాయన్న వాదాన్ని మాత్రం అది నిలవనీయదు.

చీలిక భయం గురించి తెలంగాణకు వేరే ఊరి సాక్ష్యం అక్కరలేదు. కోస్తా జిల్లాల చదువుకున్నవారి తెలుగు పుస్తక భాషగా నిలిచిన కాలంలో, ఇంట్లో నేర్చిన మాట తరగతిలో తప్పుగా, సినిమాలో వెకిలిగా కనబడడం ఎలా ఉంటుందో ఆ ప్రాంతపు తరాలు అనుభవించాయి. ఆ గాయమే ఉద్యమానికి బలమైంది. 2014లో రాష్ట్రం వచ్చాక పాఠ్యపుస్తకాలు మారాయి, కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. అస్తిత్వం మాట ఎత్తడం ఇక్కడ చీలికగా ఎవరికీ తోచలేదు, ఆత్మగౌరవంగానే తోచింది. మరి అదే రాష్ట్రంలో గోండు పిల్లవాడు తన భాష అడిగితే అది చీలిక ఎలా అవుతుంది? 2011 జనగణన ప్రకారం దేశంలో సుమారు 30 లక్షల మంది మాట్లాడే గోండి, తెలుగుకు యాస కాదు, ద్రావిడ భాషల్లో ఒకే ఉపశాఖకు చెందిన తోబుట్టువు. అదిలాబాదు జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే చేతిఫోనులోకి రాగలిగిన లిపికి బడిలోకి రావడమే కష్టమైంది.

ఒకే గాటన కట్టే దృష్టి ఎంత పైదాకా వెళ్తుందో చెప్పడానికి జీవో 3 చరిత్ర చాలు. షెడ్యూల్డు ప్రాంతాల బడులకు బయటి నుంచి వేసిన పంతుళ్ళు సరిగా రాకపోవడం చూసి, అక్కడి ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో ఉమ్మడి ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. తీర్పులో ప్రధానంగా తూచినది ఉద్యోగార్థుల సమానత్వం. పంతులు చెప్పేది పిల్లకు అర్థమవుతుందా అన్నది ఆ త్రాసులో తేలికైపోయింది. ఉత్తర్వు వైపు కూడా ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. అది తెగ ధ్రువపత్రం అడిగింది గానీ భాష అడగలేదు; సవర ఊరి బడికి వచ్చిన కొండదొర యువకుడు గిరిజనుడే అయినా ఆ పిల్లలకు తెలుగు పంతులంత పరాయివాడు కావచ్చు. కింది కులాల దిద్దేవారి మార్కులు చెప్పినదీ ఇదే కదా. స్థానిక భాష మాట్లాడి, అందులో పాఠం చెప్పి చూపడం ఆ ప్రాంతపు ఉపాధ్యాయ ఉద్యోగానికి అర్హతగా పెడితే, అది ఏ కులానికీ ఏ తెగకూ తలుపు మూయదు. నేర్చుకున్నవారెవరైనా రావచ్చు, సహజంగానే ఆ ఊళ్ళ యువతకు ముందడుగు ఉంటుంది. నేర్చుకోవడం అసాధ్యమన్నవారు పర్లాకిమిడి పంతులును గుర్తు చేసుకోవాలి. ఆయన తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు, జ్వరాల కొండల్లో తిరిగి, మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఇప్పటి ఉపాధ్యాయుడికి అంత త్యాగం అక్కరలేదు, సీతంపేట కొండల్లో వారానికొక సంత, దారిలో బస్సు, చేతిలో వాచకం ఉన్నాయి. డీఎస్సీ నోటిఫికేషన్‌లో మాత్రం సవర భాష మాట కనబడదు. పన్నెండు-ఒకటి దగ్గర ఆగిపోయిన పిల్ల ఎదుట నిలబడే మనిషిని ఎంపిక చేసే పరీక్షలో ఆ పిల్ల లెక్క గురించి ఒక్క ప్రశ్నా లేదు.